‘మా పేషెంటు మీద స్టడీ చేస్తారట’: మత్తు, స్కానింగ్ పరిశోధనల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నేను అనస్థీషియా డాక్టర్‌ని. ఆపరేషన్ ముందు రోజు సాయంత్రం వార్డుకు వెళ్లి పేషెంట్లను చూసి రావడం మా పనిలో భాగం. టీచింగ్ హాస్పిటల్ కాబట్టి మత్తు విభాగంలో, రేడియాలజీలో ఎప్పుడూ ఏదో ఒక పరిశోధన నడుస్తూనే ఉంటుంది. ఆ కాగితాలు చేతికి వచ్చినప్పుడు పేషెంట్లు, వాళ్ల వెంట ఉండేవాళ్లు ఇన్నేళ్లుగా నన్ను అడిగిన ప్రశ్నలు ఇవి. జవాబులు కూడా మంచం పక్కన నిలబడి చెప్పినట్టే రాశాను.

మా నాన్నగారికి రేపు ఆపరేషన్. ఒక పీజీ డాక్టర్ వచ్చి ‘స్టడీలో చేరతారా’ అని కాగితం ఇచ్చారు. అంటే ఆయన మీద ప్రయోగం చేస్తున్నారా?

దాదాపు అందరూ గొంతు తగ్గించి అడిగే ప్రశ్న ఇది. తగ్గించనక్కర్లేదు, గట్టిగానే అడగండి.

ఎండీ అనస్థీషియా, ఎండీ రేడియాలజీ చదివే ప్రతి పీజీ డాక్టరూ మూడేళ్లలో ఒక థీసిస్, అంటే చదువులో భాగంగా ఒక పరిశోధన, చేయాలి. మన దగ్గర పేషెంట్లకు ఎదురయ్యే స్టడీల్లో ఎక్కువ భాగం ఇవే. వీటిలో కొత్త మందు ఉండటం అరుదు. ఇప్పటికే వాడుకలో ఉన్న రెండు పద్ధతుల్లో ఏది మెరుగో చూస్తారు. కాలు ఆపరేషన్‌కి వెన్నులో ఇచ్చే మత్తుకు ఇంకో మందు కొద్దిగా కలిపితే నొప్పి తెలియకుండా ఇంకెన్ని గంటలు ఉంటుంది, చేతి ఆపరేషన్‌కి భుజం దగ్గర నరానికి మత్తిస్తే ఏ మోతాదు సరిపోతుంది, ఇలాంటివి.

పూర్తిగా కొత్త మందును మనుషుల మీద పరీక్షించడం వేరే సంగతి. దానికి ఢిల్లీలోని డ్రగ్స్ కంట్రోలర్ జనరల్ అనుమతి కావాలి, నిబంధనలు ఇంకా గట్టిగా ఉంటాయి. మీ దగ్గరికి వచ్చింది ఈ రెండింటిలో ఏదో ఆ డాక్టర్‌నే అడగండి.

ఒక మాట మాత్రం దాచకుండా చెప్పాలి. థీసిస్ అయినా సరే, అది పరిశోధనే. రేపు వచ్చే పేషెంట్లకు పనికొచ్చే సంగతి తెలుసుకోవడం దాని ఉద్దేశం. మీ నాన్నగారికి అదనంగా మేలు జరగొచ్చు, జరగకపోవచ్చు. ‘స్టడీలో చేరితే మంచి ట్రీట్‌మెంట్ దొరుకుతుంది’ అని ఎవరైనా ఆశ పెడితే, అది సరైన మాట కాదు.

లాటరీ తీసి మందు ఇస్తారట, నిజమేనా? డాక్టర్‌కి ఏది మంచిదో తెలియదా?

నిజమే. చాలా స్టడీల్లో కంప్యూటర్ ఇచ్చిన వరుస ప్రకారం చీటీలు రాసి, వెలుతురుకు పెట్టినా లోపలిది కనిపించని కవర్లలో పెట్టి అతికిస్తారు. పేషెంటు ఆపరేషన్ థియేటర్‌కి వచ్చాక ఒకరు కవరు చింపి, అందులో ఉన్న గ్రూపు ప్రకారం మందు సిరంజిలో ఎక్కించి ఇస్తారు. తర్వాత నొప్పి ఎంత ఉందని అడిగి రాసుకునే డాక్టర్‌కి ఏ గ్రూపో తెలియకూడదు.

ఎందుకు ఇంత తతంగం? నాకు ఒక మందు మీద నమ్మకం ఉందనుకోండి. నాకు తెలియకుండానే ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు అది ఇస్తాను. వాళ్లు బాగుంటారు, ఆ ఘనత మందు ఖాతాలో పడుతుంది. లాటరీ ఆ పక్షపాతాన్ని ఆపుతుంది. అయితే ఏది మంచిదో నిజంగా తేలని చోటే లాటరీ వేయాలి. ఒకటి మెరుగని ఇప్పటికే తేలిపోయి ఉంటే, రెండోది ఇవ్వడం తప్పు.

పెద్ద పెద్ద డాక్టర్లు చేసిన పరిశోధన కూడా తప్పవుతుందా?

అవుతుంది. అందుకు మన హైదరాబాదే సాక్ష్యం.

1880ల్లో మత్తుకు క్లోరోఫామ్ ఎక్కువగా వాడేవారు. మత్తులో ఉండగానే కొందరు హఠాత్తుగా చనిపోయేవారు. ముందు ఆగేది ఊపిరా, గుండెనా అన్నది అప్పటి పెద్ద తగాదా. హైదరాబాద్‌లోని బ్రిటిష్ రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఊపిరి చూసుకుంటే చాలు, గుండెకు భయం లేదని బలంగా నమ్మేవారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ డబ్బుతో 1888లో మొదటి హైదరాబాద్ క్లోరోఫామ్ కమిషన్ ఏర్పడింది. దాని ఫలితాలను ఇంగ్లండ్‌లో నమ్మకపోతే 1889లో రెండోది వేశారు. లండన్ నుంచి పేరున్న డాక్టర్ లాడర్ బ్రంటన్ వచ్చి కూర్చున్నారు. వందల కొద్దీ జంతువుల మీద ప్రయోగాలు చేసి, లారీ మాటే నిజమని తేల్చారు.

కానీ 1911లో గుడ్‌మన్ లెవీ అనే ఇంగ్లండ్ డాక్టర్, క్లోరోఫామ్ పలచగా ఇచ్చినప్పుడు గుండె లయ తప్పి ఒక్కసారిగా ఆగిపోగలదని చూపించారు. అన్ని ప్రయోగాలు చేసినా కమిషన్ కంటికి ఆనని సంగతి అది. ఊపిరి మీద కన్ను వేసి ఉంచమన్న వాళ్ల మాట ఇప్పటికీ మాకు శిరోధార్యమే. గుండెకు ప్రమాదం లేదన్నదే తప్పు. ప్రయోగం ఎంత పెద్దదైనా, చేసేవాళ్లకు జవాబు ముందే ఖాయమైపోయి ఉంటే ఇలా జరుగుతుంది. మేం ఇప్పుడు కవర్లు అతికించేది అందుకే. ఆ రోజుల్లో హైదరాబాద్‌లో చదువుకుని క్లోరోఫామ్ ఇచ్చిన రూపాబాయి ఫర్దూన్‌జీ ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరు. మా విభాగంలోకి కొత్తగా వచ్చే అమ్మాయిలకు ఆమె పేరు తప్పకుండా చెబుతాను.

కాగితం ఇంగ్లీషులో ఉంది. సంతకం పెట్టొచ్చా?

పెట్టకండి. మీకు వచ్చిన భాషలో ఉన్న కాగితం అడగండి. తెలుగులో సమ్మతి పత్రం ఇవ్వాల్సిన బాధ్యత పరిశోధన చేసేవాళ్లదే. అందులో ఏం చేస్తారు, మామూలు వైద్యానికి అదనంగా జరిగేది ఏమిటి, ఇబ్బంది ఏం రావచ్చు, ఎవరిని అడగాలి, ఇవన్నీ ఉండాలి. ఒక కాపీ మీ చేతికి రావాలి.

చదువు రానివాళ్లకు చదివి వినిపించాలి. ఆ పరిశోధనతో సంబంధం లేని ఒక సాక్షి పక్కన ఉండాలి. వేలిముద్ర ఆ తర్వాతే.

నేను పీజీగా ఉన్నప్పుడు చేసిన ఒక తప్పు ఇక్కడ చెప్పాలి. ఆపరేషన్ రోజు పొద్దున్నే, థియేటర్ బయట ట్రాలీ మీద పడుకున్న ఒకావిడ దగ్గర సంతకం తీసుకున్నాను. అప్పటికే ఆవిడ చేతికి సెలైన్ సూది ఉంది. చెయ్యి వణుకుతుంటే పేరులో సగం అక్షరాలు గీత దాటిపోయాయి. ‘ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతానమ్మా, నన్ను బాగా చూసుకోండి’ అంది. ఆ సంతకం చట్టానికి సరిపోవచ్చు. ఆవిడ మాత్రం ఒప్పుకోలేదు, భయపడింది అంతే. అప్పటి నుంచి ఆపరేషన్ ముందు రోజు సాయంత్రం దాటాక నేను ఎవరి దగ్గరా సంతకం తీసుకోలేదు, నా పీజీలను తీసుకోనివ్వలేదు.

సంతకం అనేది ఎంత పెద్ద విషయమో ఖమ్మం జిల్లా చూసింది. 2009లో అక్కడ 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే హెచ్‌పీవీ టీకా ప్రాజెక్టు మొదలుపెట్టి, 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. హాస్టల్ పిల్లల తరఫున చాలాచోట్ల తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు చేశారని విచారణలో బయటపడింది. పిల్లల విషయంలో అమ్మానాన్నల సంతకం కావాలి. ఏడేళ్లు దాటిన పిల్లల్ని కూడా అడగాలి, ఆ పిల్లాడు వద్దంటే ఆ మాటకూ విలువ ఉంది.

వద్దంటే ఆరోగ్యశ్రీ ఆగిపోతుందా? డాక్టర్లు సరిగా చూడరా?

ఆగదు. మీ ఆపరేషన్ తేదీ, మందులు, డాక్టరు ఏవీ మారకూడదు. మధ్యలో మనసు మారినా బయటికి రావొచ్చు, కారణం చెప్పనక్కర్లేదు. వద్దన్నందుకు ఎవరైనా ముఖం మాడ్చుకుంటే, పరిశోధనల్లో పేషెంట్ల మంచిచెడ్డలు చూసే ఎథిక్స్ కమిటీకి చెప్పండి. వాళ్ల నంబరు సమ్మతి పత్రంలోనే ఉంటుంది.

ఎథిక్స్ కమిటీ అంటే హాస్పిటల్ వాళ్లే కదా?

అందరూ కాదు. 2019 నాటి క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం కమిటీలో కనీసం ఏడుగురు ఉండాలి. వాళ్లలో సగం మంది బయటివాళ్లు, అధ్యక్షుడూ బయటివాడే. లాయరు, వైద్యంతో సంబంధం లేని మామూలు మనిషి, కనీసం ఒక మహిళ తప్పనిసరి. ఆ మామూలు మనిషి అడిగే ప్రశ్నలే మాకు చెమటలు పట్టిస్తాయి. ఒకసారి ఒక రిటైర్డ్ టీచర్ గారు నా తెలుగు పత్రం చదివి, ‘వెన్నెముక అంతర అవకాశం’ అంటే ఏమిటమ్మా అని అడిగారు. ‘వెన్నుపూసల మధ్య సందు’ అని మార్చుకొచ్చాను.

ఏమీ తినకుండా వచ్చినా కడుపు స్కానింగ్ చేస్తామంటున్నారు. ఎందుకు?

నాకు బాగా ఇష్టమైన విషయం ఇది, కాస్త వివరంగా చెబుతాను.

మత్తులోకి వెళ్లాక గొంతు తన కాపలా వదిలేస్తుంది. కడుపులో ఉన్నది పైకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి దిగితే ప్రాణం మీదికి వస్తుంది. అందుకే తేలికపాటి టిఫిన్ అయినా ఆరు గంటలు, తల్లిపాలు నాలుగు గంటలు, మంచినీళ్లు రెండు గంటలు అనే లెక్క. పాలు పోసిన టీ నీళ్ల లెక్కలోకి రాదు, అది టిఫిన్ లెక్కే. అలాగని రాత్రి నుంచి చుక్క నీళ్లు కూడా తాగకుండా ఉండటం మంచిది కాదు, నాలుక పిడచకట్టుకుపోయి వస్తారు పాపం. మీ మత్తు డాక్టరు ఎప్పటివరకు నీళ్లు తాగమన్నారో అంతవరకు తాగండి.

అయితే షుగర్ ఉన్నవాళ్లకు, దెబ్బ తగిలి నొప్పితో ఉన్నవాళ్లకు, పురుడు దగ్గరపడ్డవాళ్లకు కడుపు నెమ్మదిగా ఖాళీ అవుతుంది. గడియారాన్ని నమ్మలేం. అందుకని అల్ట్రాసౌండ్‌తో చూస్తాం. పేషెంటును కుడివైపుకి ఒత్తిగిల్లి పడుకోమని, రొమ్ము ఎముక కిందుగా జెల్ రాసి ప్రోబ్ (స్కానింగ్ మిషన్‌కి ఉండే చేతి పరికరం) పెడతాం. ముందు కాలేయం అంచు కనిపిస్తుంది, దాని కిందే కడుపు చివరి భాగం. ఖాళీగా ఉంటే చిన్న గుండ్రటి బిళ్లలా, నడుమ చుక్కతో ఉంటుంది. నీళ్లుంటే ఆ గుండ్రం సాగి లోపల నల్లగా కనిపిస్తుంది. అన్నమో టిఫినో ఉంటే మంచు పట్టిన అద్దంలా తెల్లగా మసకబారుతుంది. నీళ్లే ఉన్నా, కిలో బరువుకు 1.5 మిల్లీలీటర్ల కన్నా ఎక్కువైతే జాగ్రత్త పడతాం. అంటే 60 కిలోల మనిషికి 90 మిల్లీలీటర్లు, అర గ్లాసు కూడా కాదు.

ఒక పెద్దాయన తుంటి ఎముక విరిగి వచ్చారు. ‘రాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు ముట్టలేదు డాక్టరమ్మా’ అన్నారు. స్టడీలో ఉన్నారు కాబట్టి ప్రోబ్ పెట్టాం. తెరంతా తెల్లటి మసక. స్క్రీన్ ఆయన వైపు తిప్పి చూపించాను. కాసేపు చూసి, ‘పొద్దున బీపీ మాత్ర వేసుకోవాలి కదమ్మా, పరగడుపున పడదని రెండు ఇడ్లీలు తిన్నా’ అన్నారు. అబద్ధం చెప్పాలని చెప్పింది కాదు. ఆయన లెక్కలో మాత్ర కోసం తిన్నది తిండి కాదు. ఆపరేషన్ సాయంత్రానికి మార్చాం. నా ప్రశ్న కూడా ఆ రోజు నుంచి మారింది. ‘ఏమైనా తిన్నారా’ అని అడగను, ‘మాత్ర దేంతో వేసుకున్నారు’ అని అడుగుతాను.

నరానికి మత్తు ఇచ్చేటప్పుడు కూడా స్కానింగ్ మిషన్ వాడుతున్నారు. గర్భిణులకు చేసే మిషనేనా?

పని చేసే తీరు అదే. పూర్వం చర్మం మీద గుర్తులు చూసుకుని, కరెంటు సూదితో నరాన్ని కదిలించి మత్తు ఇచ్చేవాళ్లం. ఇప్పుడు నరం, పక్కన కొట్టుకుంటున్న రక్తనాళం, ఊపిరితిత్తి అంచు, లోపలికి వెళ్తున్న సూది, అన్నీ తెర మీద కనిపిస్తాయి. మందు నరం చుట్టూ నీళ్లలా పరుచుకోవడం కళ్లతో చూడొచ్చు. చూస్తూ ఇస్తాం కాబట్టి తక్కువ మందు సరిపోతుంది. మా పీజీల థీసిస్‌లలో సగం ఈ దారిలోనే నడుస్తున్నాయి.

లింగ నిర్ధారణను ఆపే 1994 చట్టం ఈ మిషన్లకూ వర్తిస్తుంది. మత్తు విభాగం మిషన్‌కి కూడా రిజిస్ట్రేషన్ ఉండాలి.

సీటీ, ఎక్స్‌రేలతో రేడియేషన్ కదా. స్టడీ కోసం అదనంగా తీస్తే?

అల్ట్రాసౌండ్‌లో, ఎమ్మారైలో ఆ రకం రేడియేషన్ ఉండదు. ఎక్స్‌రే, సీటీలో ఉంటుంది. నేల నుంచి, గాలి నుంచి, ఆకాశం నుంచి మనకు ఎలాగూ ఏడాదికి సగటున 2.4 మిల్లీసీవర్ట్‌లు (రేడియేషన్ మోతాదును కొలిచే లెక్క) తగులుతాయి. ఛాతీ ఎక్స్‌రే ఒకటి 0.1 లేదా అంతకన్నా తక్కువ. పొట్ట సీటీ ఒకటి 8 నుంచి 10 దాకా ఉంటుంది. మీ జబ్బుకు సీటీ అవసరమైతే వెనకాడకండి. కేవలం పరిశోధన కోసం ఇంకో సీటీ అంటే మాత్రం ఆ సంగతి సమ్మతి పత్రంలో స్పష్టంగా రాసి ఉండాలి, మీరు విడిగా అడగాలి. గర్భం ఉందన్న అనుమానం ఉంటే మొహమాటం లేకుండా ముందే చెప్పండి.

మా పాపకి మూడేళ్లు. ఎమ్మారై కోసం మత్తు ఇస్తామంటున్నారు. తెలివితేటలు తగ్గుతాయా?

చిన్నపిల్లలు ఆ గొట్టంలో, ఆ మోతలో అరగంట కదలకుండా పడుకోలేరు. అందుకే మత్తు. దీని మీద భయం ఉండటం సహజం, ఎందుకంటే జంతువుల మీద చేసిన ప్రయోగాల్లో మత్తుమందులు ఎదిగే మెదడుకు హాని చేసినట్టు కనిపించింది. 2016 డిసెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ కూడా మూడేళ్ల లోపు పిల్లలకు మూడు గంటలు దాటిన మత్తు గురించి, మళ్లీ మళ్లీ ఇచ్చే మత్తు గురించి హెచ్చరించింది.

మనుషుల్లో తేల్చడానికి గ్యాస్ అనే పేరుతో ఒక పెద్ద ట్రయల్ జరిగింది. ఏడు దేశాలు, 28 హాస్పిటళ్లు, హెర్నియా ఆపరేషన్‌కి వచ్చిన 722 మంది పసిబిడ్డలు. సగం మందికి పూర్తి మత్తు, సగం మందికి మెలకువగానే వెన్నులో మత్తు. ఆ పిల్లలు పెరిగి ఐదేళ్లకు వచ్చేదాకా ఆగి తెలివితేటలు కొలిచారు. 2019లో ఫలితం వచ్చింది. గంటలోపు మత్తు ఒకసారి ఇచ్చిన పిల్లలకూ, ఇవ్వని పిల్లలకూ తేడా లేదు. ఒక జవాబు కోసం అన్నేళ్లు ఓపిక పట్టిన ఆ తల్లిదండ్రులకు నేను మనసులో దండం పెట్టుకుంటాను. ఈ రోజు మీకు ధైర్యం చెప్పగలుగుతున్నది వాళ్ల వల్లే.

ఒక్క జాగ్రత్త. ఎమ్మారై గదిలోకి ఇనుము రాకూడదు. 2018లో ముంబైలో ఆక్సిజన్ సిలిండర్‌తో లోపలికి వెళ్లిన ఒక బంధువు ప్రాణం పోయింది. పాప గాజులు, పట్టీలు, మీ పిన్నీసులు, తాళాలు అన్నీ బయటే.

సిజేరియన్‌కి వెన్నులో ఇచ్చిన సూది వల్లే జీవితాంతం నడుము నొప్పి అంటారు. పరిశోధనలు ఏమన్నాయి?

ప్రతి ఇంట్లో ఒక పిన్నిగారో వదినగారో ఈ మాట అంటారు. సూది గుచ్చిన చోట రెండు మూడు రోజులు నొప్పి ఉండొచ్చు. కానీ కాన్పు సమయంలో నడుములో మత్తు తీసుకున్నవాళ్లనీ తీసుకోనివాళ్లనీ పోల్చి చూసిన స్టడీల్లో దీర్ఘకాలిక నడుము నొప్పిలో తేడా కనిపించలేదు. నెలలు మోసిన బరువు, వంగి బిడ్డను ఎత్తుకోవడం, పాలివ్వడం, నిద్ర లేకపోవడం ఇవన్నీ నడుము మీదే పడతాయి. నొప్పి మాత్రం నిజం, దాన్ని కొట్టిపారేయకూడదు. వైద్యం చేయించుకోవాలి.

తలనొప్పి సంగతి వేరు. అది నిజంగా సూది వల్లే వస్తుంది. 1898లో జర్మనీలో ఆగస్ట్ బియర్ అనే డాక్టర్ వెన్నులో మత్తు ఇచ్చే ఈ పద్ధతిని మొదలుపెట్టినప్పుడు తన మీద కూడా వేయించుకుని, రోజుల తరబడి తలనొప్పితో మంచం పట్టారు. సన్నటి, పెన్సిల్ మొనలాంటి సూదులు వచ్చాక అది బాగా తగ్గింది. ఇది పరిశోధనలు నేర్పిందే.

రేడియాలజీ వాళ్లు నా పాత స్కాన్‌లు స్టడీకి వాడతామన్నారు. మందు ఇవ్వనిదానికి పరిశోధన ఏమిటి?

అక్కడ పరీక్షించేది మిమ్మల్ని కాదు, స్కానింగ్‌నే. ఒకే ఫిల్మును ఇద్దరు డాక్టర్లు ఒకరి రిపోర్టు ఒకరు చూడకుండా చదువుతారు. తర్వాత ఆపరేషన్‌లోనో బయాప్సీలోనో (చిన్న ముక్క తీసి చేసే పరీక్ష) తేలిన నిజంతో సరిచూస్తారు.

ఒక లెక్క చూడండి. వెయ్యి మందిలో పది మందికి జబ్బు ఉందనుకుందాం. జబ్బు ఉన్నవాళ్లలో నూటికి 90 మందిని పట్టుకునే, లేనివాళ్లలో నూటికి 90 మందికి లేదని సరిగ్గా చెప్పే పరీక్ష ఉంది. వినడానికి గొప్పగా ఉంది. పది మందిలో తొమ్మిది మంది దొరుకుతారు. జబ్బు లేని 990 మందిలో మాత్రం 99 మందికి ‘ఉంది’ అని తప్పుడు రిపోర్టు వస్తుంది. అంటే రిపోర్టు చూసి గుండె జారిన 108 మందిలో నిజంగా జబ్బు ఉన్నది తొమ్మిది మందికే. ఏ పరీక్ష ఎవరికి చేయాలో తేల్చే పరిశోధన లేకపోతే టెన్షన్‌తో సగం మంది మంచాన పడతారు.

కంప్యూటర్ ఎక్స్‌రే చదవడం కూడా ఇలాగే పరీక్షకు నిలబడింది. టీబీ కోసం 15 ఏళ్లు దాటినవాళ్ల ఛాతీ ఎక్స్‌రేలు చదవడానికి ఈ సాఫ్ట్‌వేర్ వాడొచ్చని 2021లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. రేడియాలజిస్ట్ లేని మండలాలకు అది చాలా పెద్ద సాయం.

మీ స్కాన్ వాడేముందు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు తీసేయాలి. మళ్లీ చదివేటప్పుడు అనుకోనిది ఏదైనా కనిపిస్తే మీకు చెబుతారా లేదా అన్నది ముందే అడగండి. చాలామంది అడగరు.

స్టడీ వల్ల ఏదైనా జరిగితే ఖర్చు ఎవరిది?

క్లినికల్ ట్రయల్ వల్ల హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయాలి, నష్టపరిహారం కూడా ఉంది. స్టడీ కోసమే చేసే పరీక్షల బిల్లు మీ మీద పడకూడదు.

ఇది అసలైన స్టడీయో కాదో ఇంట్లో కూర్చుని తెలుసుకోవచ్చా?

తెలుసుకోవచ్చు. దేశంలో జరిగే ట్రయల్స్ నమోదుకు సీటీఆర్‌ఐ అనే రిజిస్ట్రీ 2007లో మొదలైంది. 2009 జూన్ నుంచి నమోదు తప్పనిసరి అయింది. మొదటి పేషెంటును చేర్చుకోకముందే పేరు ఎక్కించాలి. సీటీఆర్‌ఐ అనే అక్షరాలు, ఆ తర్వాత ఏడాది, నెల, ఒక నంబరు ఉంటాయి. ఆ నంబరు అడిగి వెబ్‌సైట్లో కొడితే ఎవరు చేస్తున్నారు, ఎంతమందిని చేర్చుకుంటారు, ఏం కొలుస్తారు అన్నీ కనిపిస్తాయి. పేజీ ఇంగ్లీషులోనే ఉంటుంది కాబట్టి ఇంట్లో చదువుకునే పిల్లల చేత చదివించుకోండి.

స్టడీ అయిపోయాక ఫలితం మాకు చెబుతారా?

అడిగితే చెప్పాలి. చాలాచోట్ల ఎవరూ అడగరు, మేమూ చెప్పం. థీసిస్ పుస్తకం బైండింగ్ అయి లైబ్రరీ బీరువాలోకి వెళ్తుంది. ఇది నన్ను చాలా ఏళ్లుగా బాధపెట్టిన విషయం. ఇప్పుడు మా పీజీలు ఒక నోటు పుస్తకంలో, ఫలితం కావాలన్నవాళ్ల ఫోన్ నంబర్లు వాళ్ల అనుమతితో రాసుకుంటారు. స్టడీ ముగిశాక తెలుగులో నాలుగు ముక్కలు మెసేజ్ పెడతారు. ఇడ్లీల పెద్దాయన ఇంటికి ఫోన్ చేస్తే ఆయన మనవరాలు ఎత్తింది. స్పీకర్‌లో పెట్టి వినిపించింది. ‘అయితే నా ఇడ్లీలు కూడా లెక్కలో వేశారా?’ అని అడిగారు ఆయన. వేశామని చెప్పాను.